ప్రొద్దుపోయి వచ్చిన అతిథి

‘అతిథి’ అన్న మాటకు మన పెద్దలు ఒక వ్యుత్పత్తి చెప్పుతారు: తిథి నియమము లేకుండ వచ్చువాడు అతిథి అని. పెండ్లికి శుభలేఖ అందుకొని వచ్చినవారు, సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన అల్లుడు, తద్దినమునకు పిలువబడిన భోక్తలు, వీరందరు ఆదరింపదగినవారే. కాని ఆ మాటకున్న అసలైన అర్థములో వీరు అతిథులు కారు. వీరు వచ్చే దినము ముందే తెలిసినది. వీరి కొరకు వంటయింటిలో నాలుగు దినాల ముందే సందడి మొదలవుతుంది. అతిథి సంగతి అట్లు కాదు. అతడు ఏ బుధవారము నాడో, ఇంటివారు పనినుండి అలసి వచ్చిన తరువాత, పొయ్యిమీది చివరి గిన్నె దించిన తరువాత వస్తాడు.

విందుల చరిత్ర మనకు కావలసినంత ఉన్నది. 12వ శతాబ్దములో పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన ‘మానసోల్లాసము’లో రాజు భోజనమునకే ఒక ప్రకరణము కలదు. రాజులు ఏమి తిన్నారో, ఎన్ని పాత్రలలో తిన్నారో మనకు తెలుసును. వారికి పనివారు వందలు. కట్టెలకు కొదవ లేదు. కాలమునకు అంతకంటె కొదవ లేదు. అటువంటి వంటలో వింత ఉండవచ్చును గాని కష్టమేమున్నది? ఒక సామాన్యపు ఇంటిలో, పనిదినము నాటి రాత్రి, గంట గంటన్నర వ్యవధిలో, వచ్చిన మనిషి ‘ఎంత చక్కగా పెట్టినారు!’ అనుకొనేటట్లు భోజనము పెట్టడము ఎట్లు సాధ్యమైనది? ఎవరు సాధ్యము చేసినారు? నేడు నేను విన్నవింపదలచినది ఆ కథ.

ఈ కథకు మన సాహిత్యములో మొదట జ్ఞాపకము వచ్చేది శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’. రాయలు 1509 నుండి 1529 వరకు విజయనగరమును ఏలిన చక్రవర్తి. అయినను ఆయన తన కావ్యములో ఎన్నుకొన్న అతిథేయుడు రాజు కాదు, శ్రీవిల్లిపుత్తూరులో పూలమాలలు కట్టి దేవునికి సమర్పించే విష్ణుచిత్తుడు. ఆ ఇంటిలో నడిరేయి చెవియొగ్గి విన్నచో రెండు సవ్వడులు వినబడునట. ఒకటి భగవంతుని కథల పఠనము. రెండవది అతిథులకు చెప్పే క్షమాపణము: కూరలు ఎక్కువ లేవు, వేడివేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నము కూడ అంత సొంపుగా లేదు, దయచేసి భుజింపుడు అని. ఈ మాటలను రాయలు సంస్కృతములోనే ఉంచినాడు.

ఆ మాటలు అయిదు వందల ఏండ్ల నాటివి. ఇప్పటికిని మన ఇండ్లలో ప్రొద్దుపోయి వచ్చినవారికి ఆకు వేసేటప్పుడు ‘ఏమీ చేయలేదండీ, ఉన్నదే పెట్టుతున్నాము’ అనడము మానలేదు. అది వట్టి మర్యాద మాట అని కొందరి అభిప్రాయము. నాకు అట్లు తోచదు. ఆ మాటలో ఒక ఒడంబడిక ఉన్నది. ‘నీవు చెప్పక వచ్చినావు, నేను ఉన్నది పెట్టినాను, నీకు మొగమాటము వద్దు, నాకు సిగ్గు లేదు’ అని ఇరువురికి నడుమ కుదిరే ఒడంబడిక. ఆ మాట అనలేని ఇంటికి వేళకాని వేళ పోవుటకు ఎవరికిని ధైర్యము చాలదు.

అయితే విష్ణుచిత్తుని ఇంటిలో నిజముగా ఏమీ లేదా? అదే కావ్యములో ఏ ఋతువులో ఆయన ఏమి పెట్టెనో రాయలు వివరముగా చెప్పినాడు. వానకాలము ముసురు పట్టి, కట్టెలు తడిసి ఉన్న దినాలలో, ఇంటిలో పొగ చేరకుండ కొబ్బరి చిప్పలు మంటకు వాడేవారట. మంచి వరియన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, దండిగ నెయ్యి. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని మజ్జిగ, చెరకురసము, లేత కొబ్బరినీళ్ళు, పండ్లు, ఊరగాయలు. చలికాలములో మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ఆవ పెట్టిన ఘాటైన పచ్చళ్ళు, పాయసము, కాచిన నెయ్యి, పాలు.

ఈ పట్టికను కవిత్వముగా కాక వంటయింటి దృష్టితో ఒకమారు చూడుడు. వానకాలపు భోజనములో వడియాలు ఉన్నవి, వరుగులు ఉన్నవి. ఇవి ఆ రాత్రి చేసినవి కావు. వేసవిలో మిద్దెమీద ఎండబెట్టి, కుండలలో మూతికట్టి దాచినవి. ఊరగాయలును అంతే. పెరుగు ముందు రాత్రి తోడుపెట్టినది. నెయ్యి ఎప్పుడో కాచినది. అనగా అతిథి వచ్చిన తరువాత పొయ్యిమీదికి ఎక్కవలసినవి అన్నము, పప్పు, నాలుగు కూరముక్కలు మాత్రమే. తక్కినదంతయు ఇంటిలో సిద్ధముగా ఉన్నది. గంటలో తయారైనట్లు కనబడే భోజనము వెనుక మూడు నెలల వేసవి ఎండ ఉన్నది, ఆ ఎండలో నిలిచి పనిచేసిన స్త్రీల నడుములున్నవి. కీర్తి విష్ణుచిత్తునికి వచ్చినది.

మన ఇండ్లలోని నిలువ పదార్థాల విద్య నిజముగా గొప్పది. దానిని గురించి కొంచెము నిలిచి చెప్పుకొనవలెను. పదార్థము చెడిపోవుటకు కారణము అందులోని తేమ, దానిలో పెరిగే సూక్ష్మజీవులు. ఆ సంగతి శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూచి చెప్పకముందే మన అమ్మమ్మలు చేతితో కనిపెట్టినారు. గుమ్మడి వడియములో తేమ ఎండ తీసివేస్తుంది. ఆవకాయలో మామిడి పులుపు ఒక కాపలా, ఉప్పు రెండవ కాపలా, ఆవపిండి మూడవ కాపలా, పైన నిలిచిన నూనె గాలి తగులకుండ నాలుగవ కాపలా. అందుకే ముక్కలపైన నూనె తేలకపోతే ఇల్లాలికి నిద్ర పట్టదు. తడిచేతితో జాడీ ముట్టితే ఆ ఇంటిలో ఎంత మాట పడవలెనో అందరికిని తెలుసును. కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి - వీటిలో తేమ వేయించుటతోనే పోతుంది. వేడి అన్నములో ఒక చెంచా పొడి, ఒక చెంచా నెయ్యి కలిపితే కూర లేని లోటు తీరిపోతుంది. దీనికి పట్టే కాలము విస్తరి వేసినంత.

ఇక్కడ ఒక చిన్న మాట. ఈనాడు మనము ఆవకాయ అనగానే తలచుకొనే ఎరుపు రాయలనాటిది కాదు. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలమీద మన తీరాలకు చేరినది 16వ శతాబ్దములో. అంతకుముందు మన వంటలోని కారము మిరియాలది, ఆవాలది, అల్లముది, పిప్పళ్ళది. రాయలు చలికాలపు కూరలలో మిరియపు పొడిని, ఆవ పచ్చళ్ళను చెప్పడములో ఆశ్చర్యము లేదు. మిరప వచ్చిన తరువాత మిరియాలు వెనుకకు తగ్గినవి. కొత్తగా వచ్చిన దానికి పేరు మాత్రము పాతదానినుండియే పుట్టినది. గుంటూరు మిరప లేని ఊరగాయను ఈనాడు మనము ఊహించనైన లేము. సంప్రదాయమని మనము గట్టిగ పట్టుకొన్న వాటిలో ఇట్టి కొత్తచుట్టాలు చాల ఉన్నవి.

ఇంటికి పోలేని బాటసారికి పూటకూళ్ళ ఇల్లు ఉండేది. 15వ శతాబ్దపు రచనగా ఎంచబడే ‘క్రీడాభిరామము’లో ఓరుగంటి వీథులు తిరిగిన మిత్రులకు అటువంటి ఇల్లు ఒకటి తగులుతుంది. కర్తృత్వమును గురించి పండితులలో వాదము ఉన్నది. కొందరు వినుకొండ వల్లభరాయుని పేరు, కొందరు శ్రీనాథుని పేరు చెప్పుతారు. ఆ వాదము మనకు నేడు అక్కరలేదు. ఆ ఇంటిలో ఒక రూకకు దొరికే భోజనము ఎంతటిదో చూచిన చాలును: సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుడు పదార్థాలు, గట్టి పెరుగు. ఇందులో పెసరపప్పును గమనింపుడు. కందిపప్పుకంటె అది తొందరగా ఉడుకుతుంది. వేళ తప్పి వచ్చినవారికి వండిపెట్టి బ్రతికేవారు ఏ పప్పు వండవలెనో బాగుగ ఎరుగుదురు.

పూటకూళ్ళ ఇంటిలో రూక పుచ్చుకొనేవారు. రూక పుచ్చుకొనక, వేళ చూడక, కులము అడుగక వండిపెట్టిన ఒక ఇల్లాలి కథ గోదావరి లంకలలో ఇప్పటికిని చెప్పుకొంటారు. డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పరమపదించినారు. ఆమె అత్తవారి ఊరు లంకల గన్నవరము, వైనతేయ పాయ ఒడ్డున ఉన్నది. కోనసీమ అంతయు ఏటిపాయల నడుమ దేశము. పడవ దొరికినప్పుడే ప్రయాణము. పడవ తప్పినవాడు, వరద చూచి ఆగినవాడు ఏ వేళకు ఊరు చేరునో చెప్పలేము. అట్లు చేరినవారందరికి సీతమ్మగారి ఇల్లు తెలుసును. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి పోవుచుండగా, దారిలో ఆకలితో ఉన్న ఒక పెండ్లివారి గుంపు, ‘ఇంకెంత దూరము, సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నము దొరుకును’ అని పిల్లలను ఊరడించుకొనడము ఆమె చెవిని పడినదట. స్వామి దర్శనము మాని, వారికంటె ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించినదట. ఇది జనము చెప్పుకొనే కథ. సాక్ష్యాలు అడుగవలసిన పని లేదు. ఒక ఊరు ఒక మనిషిని గురించి ఏ కథను నిలుపుకొన్నదో అదియే ఒక సాక్ష్యము. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది.

అదే గోదావరి ఒడ్డున, కొంచెము ఎగువన, మరొక వంటయిల్లు. దీనిని గురించి చెప్పినంతగా మనము చెప్పుకొనలేదని నా అభిప్రాయము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినారు. ఆ పెండ్లి మంత్రాలను గురించి, సభలను గురించి, పీఠాధిపతుల కోపమును గురించి పుస్తకాలలో ఉన్నది. పెండ్లికి వచ్చినవారికి అన్నము ఎవరు వండినారు? కులమువారు వెలివేసినారు. వంటబ్రాహ్మణులు రాలేదు. నీళ్ళు మోసేవారు సైతము రాలేదు. ఇంటినిండ అతిథులు, వారిలో ఆశ్రయము కోరి వచ్చిన వితంతు బాలికలు, బయట బెదిరింపులు. వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని గోదావరికి పోయి నీళ్ళు తెచ్చుకొని వంట చేసినారు. ఒకనాడు కాదు, ఆ వెలి సాగినన్నాళ్ళు.

అతిథికి అన్నము పెట్టడము పుణ్యమని మన వారు ఎల్లప్పుడు చెప్పినారు. అయితే ఎవరు అతిథి కావచ్చును, ఎవరి చేతి అన్నము ఎవరు తినవచ్చును, ఎవరు ఏ పంక్తిలో కూర్చుండవచ్చును అన్న గీతలు కూడ ఆ నోటితోనే గీసినారు. గుమ్మము బయటనే ఆకు వేయించుకొని తిన్నవారు, ఆ ఆకు కూడ దొరకనివారు మన దేశములో కోట్లమంది. అతిథిసత్కారము మన సొత్తు అని గర్వించేటప్పుడు ఈ సంగతి మరచిపోరాదు. రాజ్యలక్ష్మమ్మగారు ఆ దినాలలో ఏయే కూరలు వండినారో ఎవరును వ్రాసిపెట్టలేదు. పప్పు, చారు, ఏదో ఒక పచ్చడి అయి ఉండును. ఆ అన్నమునకు ఊరంతయు భయపడినది. 1910లో ఆమె కన్నుమూసినారు.

ఆ దినాలలోనే మదరాసులో ఇంకొక రకపు చర్చ నడుచుచుండేది. తీరాంధ్రము అప్పుడు మదరాసు రాజధానిలోనిదే గనుక ఒక మాట. ‘వైవర్న్’ అన్న కలముపేరుతో కర్నల్ కెన్నీ హెర్బర్టు అనే ఆంగ్లేయ సైనికోద్యోగి 1878లో ‘కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్’ అన్న పుస్తకము ప్రకటించినాడు. బల్లనిండ మాంసాలు కుప్పపోసి అతిథులను బెదరగొట్టే పాతపద్ధతి మాని, కొద్దిమందిని పిలిచి, కొద్ది వంటకాలనే శ్రద్ధగ చేయవలెనని ఆయన వాదము. డబ్బాలలో వచ్చే విదేశపు సరకును నమ్ముకొనేవారిమీద ఆయనకు కోపము. అంగడిలో దొరికే తాజా సరకు చాలునని ఆయన మాట. ఈ మాటలు చెప్పినవానికి ఇంటినిండ నౌకరులు ఉండిరనుకొనుడు. అయినను మాట మంచిదే.

ఇక పొయ్యి సంగతి. కట్టెలపొయ్యిమీద కందిపప్పు ఉడుకుటకు గంట పట్టేది, కట్టెలు పచ్చివైతే ఆ లెక్క కూడ లేదు. ఊక పొయ్యి, బొగ్గుల కుంపటి, తరువాత కిరసనాయిలు స్టవ్వు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. పంపు కొట్టి వెలిగించే ‘ప్రైమస్’ స్టవ్వు స్వీడను దేశములో 1892లో పుట్టినది. ఆ స్టవ్వు చప్పుడు వినబడినదంటే ఇంటికి ఎవరో వచ్చినారని, ఉప్మా కాఫీ సిద్ధమగుచున్నవని పొరుగువారు గ్రహించిన రోజులు ఉండినవి. ఉప్మాను గురించి పరిహాసము చేయనివారు లేరు. అయినను వేయించిన బొంబాయిరవ్వ డబ్బా ఇంటిలో ఉన్నంతవరకు ఏ గృహిణికిని భయము లేదు. పరిహాసము చేసేవారు పదునైదు నిమిషాలలో మరియొకటి చేసి చూపవలెను.

పొయ్యి మారినను కుండ మారలేదు. కుండను మార్చినవాడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1679లో అతడు లండనులో మూత బిగించి ఆవిరిని లోపల బంధించే పాత్రను తయారుచేసినాడు. ఆవిరి ఒత్తిడి పెరిగిన కొలది నీరు మరిగే వేడి పెరుగుతుంది. వేడి పెరిగిన కొలది పదార్థము త్వరగ ఉడుకుతుంది. 1682 ఏప్రిలు 12వ తేదీన అతడు ఈ పాత్రలో వండిన మాంసమును, చేపలను రాయల్ సొసైటీ సభ్యులకు రాత్రి భోజనముగా వడ్డించినాడు. ఆ విందులో ఉన్న జాన్ ఎవెలిన్ తన దినచర్యలో ఆ ముచ్చట వ్రాసికొన్నాడు: గట్టి ఎముకలు సైతము జున్నువలె మెత్తబడినవట. వింత చూచి అందరును సంతోషించినారు గాని ఆ పాత్ర అప్పుడు వంటయిండ్లకు చేరలేదు. అది ప్రేలునేమో అన్న భయము ఒక కారణము. ఆ భయము తీరుటకు పాపిన్ తానే ఒత్తిడి మితిమీరినప్పుడు ఆవిరిని బయటికి వదలే కవాటము అమర్చినాడు. తరువాతి కాలపు ఆవిరియంత్రాలకు ఆ కవాటము ప్రాణమైనది. వంటకొరకు పుట్టిన యుక్తి రైలుబండికి ముందు పనికి వచ్చి, వంటకు వెనుక పనికి వచ్చినదన్న మాట.

మన దేశములో ప్రెషర్ కుక్కర్ల తయారీ 1950ల చివర పట్టు సాధించినది. హాకిన్స్ సంస్థ బొంబాయిలో 1959లో ఏర్పడినది. కుక్కరులో నీరు దాదాపు 120 సెంటిగ్రేడు డిగ్రీల వేడివద్ద గాని మరగదు. గంట పట్టే కందిపప్పు పావుగంటలో మెత్తబడుతుంది. ఒకే పాత్రలో ఒకదానిమీద ఒకటి గిన్నెలు పెట్టి అన్నము, పప్పు ఒకేమారు దించవచ్చును. మొదట మన ఇండ్లలో దీనిని అనుమానముతో చూచినారు. గంజి వార్చని అన్నము అన్నము కాదన్నారు, ఈలకు పిల్లలు జడుసుకొంటారన్నారు. ఆ ఈలలు లెక్కపెట్టడమే తరువాత వంటకు కొలత అయినది. గ్యాసు పొయ్యి పట్టణాలలో 1960లు, 1970లలో వ్యాపించినది. పల్లెలకు అది చేరుటకు ఇంకను చాల కాలము పట్టినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చే దీపము పథకమును 1999లో ప్రారంభించినది. పొగలో కండ్లు నులుముకొనుచు అతిథికి వేడి అన్నము వండిన తరాల సంఖ్యను తలచుకొన్నచో ఈ తేదీ ఎంత ఆలస్యమైనదో తెలుస్తుంది.

నడుమ కరవుకాలపు మాట ఒకటి. 1965లో యుద్ధము, ధాన్యపు కొరత కలిసి వచ్చినప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారము రాత్రి భోజనము మానవలసినదిగా ప్రజలను కోరినారు. చాల ఇండ్లలో ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. ఊళ్ళలో హోటళ్ళు మూసినారు. కొన్ని రాష్ట్రాలలో విందులకు ఎంతమందిని పిలువవచ్చునో ప్రభుత్వపు ఉత్తరువే హద్దు పెట్టినది. అట్టి దినాలలో ఇంటికి వచ్చినవారికి అన్నమునకు బదులు చిలగడదుంపలు, అరటికాయ వేపుళ్ళు, గోధుమరవ్వ పెట్టినవారు ఉన్నారు. అంతకుముందు రెండవ ప్రపంచయుద్ధకాలములో బియ్యము దొరకనప్పుడు బెంగుళూరు ఎం.టి.ఆర్. హోటలువారు బియ్యపురవ్వకు మారుగా బొంబాయిరవ్వతో ఇడ్లీలు వేసి చూచినారు. ఆ రవ్వ ఇడ్లీ నేడు తొందర వంటలలో మొదటి పంక్తిలోనిది. లేమి నేర్పిన వంటకు కలిమి వచ్చిన తరువాత కూడ మన ఆకులో చోటు దొరికినది.

తెలంగాణములో ఈ విద్యకు వేరొక మంచి రూపము ఉన్నది. సర్వపిండి. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, ఉప్పు, కారము వేసి తడిపి, గిన్నె లోపలి గోడలకే చేతితో తట్టి, వ్రేలితో చిన్న చిల్లులు పెట్టి, వాటిలో నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగమీద ఉంచుతారు. గిన్నెయే పెనము, గిన్నెయే అచ్చు. అరగంటలోపల కరకరలాడే రొట్టె ఒకటి గిన్నె ఆకారముతో బయటికి వస్తుంది. చూచినవారికి అదియే ఒక వేడుక. హైదరాబాదు ఇండ్లలో పుల్లని పప్పును, ఖట్టీ దాల్‌ను, అన్నముతో పెట్టి, పక్కన వేయించిన మాంసము ఉంచితే ఏ దస్తర్‌ఖానుమీదనైనను ఎవరును తక్కువ అనరు.

ఈనాడు ఇంటిలో ఇరువురును ఉద్యోగాలకు పోయే కాలము. మిద్దెమీద వడియాలు పెట్టేవారు తక్కువ. అంగడిలో కొనేవారు ఎక్కువ. ఇందులో తప్పు లేదు. వేసవి మూడు నెలల చాకిరి ఒక స్త్రీ నడుమునుండి పది చేతులకు, యంత్రాలకు మారినది. కాని పాత ఇంటి లెక్క ఇప్పటికిని పనికివస్తుంది. అతిథి వచ్చిన రాత్రి చేయవలసిన పని రెండుమూడు వంటలకంటె మించరాదు. తక్కినదంతయు ముందే ఇంటిలో ఉండవలెను. ఆదివారము తీరికగ చింతపండు గుజ్జు తీసి, నూనెలో పోపు వేసి, పసుపు ఉప్పు కలిపి దగ్గరగ ఉడికించి, పొడి సీసాలో పెట్టి శీతలపేటికలో ఉంచినచో వారము పది దినాలు చెడదు. సెనగపప్పు, మినపపప్పు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు వేయించి కొట్టిన కూరపొడి నెలల తరబడి నిలుస్తుంది. ఈ రెండు ఉన్న ఇంటికి బుధవారము రాత్రి ఆరుగురు రావచ్చును.

సాయంత్రము ఆరు గంటలకు మొదలు పెట్టినామనుకొనుడు. ముందు పులిహోర, ఎందుకనగా అది ఊరవలెను. అరకిలో బియ్యము కొంచెము పలుకుగ వండి, వెడల్పైన పళ్ళెములో ఆరబోసి, పసుపు, రెండు చెంచాల నూనె కలిపిన మెతుకు మెతుకు అంటదు. ఆవిరి పోయిన తరువాతనే గుజ్జు కలపవలెను. వేడిలో కలిపితే ముద్దకడుతుంది. పైన వేయించిన పల్లీలు, కరివేపాకు, చిటికెడు ఇంగువ. అది ఊరుచుండగ కుక్కరులో అన్నము, పప్పు. ఆ వైపున లేత వంకాయలు తొడిమ తీయక నాలుగు చీలికలు చేసి, కూరపొడి కూరి, నూనెలో మూతపెట్టి మగ్గించవలెను. గుత్తివంకాయ చూచినవారు ఇది పొద్దుటినుండి చేసినదనుకొంటారు, అరగంట పని. ఉడికిన పప్పుకు మామిడికాయో టమాటాయో చేర్చి పోపు పెట్టవచ్చును. బొంబాయిరవ్వ నేతిలో వేయించి పంచదార, నీళ్ళు, ఏలకుల పొడితో కేసరి చేయుటకు పావుగంట చాలును. పెరుగు, ఆవకాయ ఎల్లప్పుడు ఇంటిలో ఉన్నవే.

ఏడున్నరకు పని ముగుస్తుంది. వచ్చినవారితో కలిసి వండినామె కూడ కూర్చుండి తినవచ్చును. ఇది మన పాత ఇండ్లలో లేని సంగతి. మగవారు తిని లేచిన తరువాత, పిల్లలు తిన్న తరువాత, అడుగున మిగిలిన కూర, చల్లారిన చారు ఆడవారి వంతు. విష్ణుచిత్తుని ఇంటి భోజనమును ఋతువు ఋతువుకు వర్ణించిన కావ్యములోను అతిథుల ఆకులే మనకు కనబడుతవి. అందువలన కడపటి నిమిషము వరకు పొయ్యి వద్ద నిలువవలసిన వంట ఏదియు ఈ పట్టికలో పెట్టలేదు. అప్పడాలు మాత్రము అందరును కూర్చున్న తరువాత వేయించవలెను. ఆ పని ఇంటి యజమాని చేయవచ్చును. నూనె కాగినదో లేదో చిన్న ముక్క వేసి చూచుకొనుడు. వెంటనే పొంగి పైకి తేలినచో మొదలుపెట్టవచ్చును.